అందరూ పది పాసే

నేను పనిలోకి వచ్చిన కొత్తలో మమ్మల్ని ఆయా అనేవారు. తర్వాత కేర్‌టేకర్ అన్నారు. ఇప్పుడు నానీ అంటున్నారు. పేరు నాజూకైంది గానీ అన్నం తినే చోటు మాత్రం మారలేదు, వంటగదిలో స్టూలు మీదే. ఇరవై రెండేళ్లు మొయినాబాద్ చుట్టుపక్కల బంగ్లాల్లో, ఫామ్‌హౌసుల్లో పరాయివాళ్ల పిల్లల్ని పెంచాను. ఆ తర్వాత ఏడేళ్లు చేవెళ్లలో ఒక ఏజెన్సీలో, కొత్తగా చేరే ఆడవాళ్లకు పని నేర్పాను. మోకాళ్లు పూర్తిగా మొరాయించాక మానేసి, ముడిమ్యాలలో మా చెల్లెలి ఇంటి పక్క గదిలో ఉంటున్నాను.

ఈ పనిలోకి రావాలనుకునే ఆడపిల్లలు అప్పుడప్పుడూ నా దగ్గరికి వస్తుంటారు. పాలు ఎంత వేడిగా ఉండాలి, పంతం పట్టిన పిల్లకు అన్నం ఎలా తినిపించాలి అని అడుగుతారు. అవన్నీ నెల తిరిగేసరికి చేతికి వచ్చేస్తాయి. వాళ్లు అడగని సంగతులు రెండు ఉన్నాయి. ఒకటి మన చదువు, రెండోది మన ఒంటరితనం. ఈ రెంటి మూలంగా అంజమ్మ అనే మనిషి బతుకు నా చేతుల మీదుగా పాడైంది. అది చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను. అయితే నేను ఎలాంటి ఇళ్లలో ఉండి వచ్చానో ముందు చెప్పకపోతే, నేను చేసిన తప్పు ఎక్కడ పుట్టిందో మీకు తెలియదు.

ఎటూ కాని మనిషి

నా మొదటి ఇల్లు మామిడితోట మధ్యలో కట్టిన బంగ్లా. గేటు దాటి బస్సు రోడ్డుకు రావాలంటే అరగంట నడవాలి. వంటామెకు నేనంటే గిట్టేది కాదు, పాపతో పాటు ఏసీ గదిలో కూర్చుంటానని. వాచ్‌మన్ నన్ను చూడగానే బీడీ దాచేవాడు, పైకి చేరవేస్తానని. వాళ్లిద్దరితో ఎప్పుడైనా నవ్వుతూ మాట్లాడితే మేడమ్ ముఖం మాడ్చుకునేది, ఇంటి గుట్టు బయట పెడుతున్నానని. నెలకోసారి సెలవు మీద ఊరికి వస్తే మా వదిన ఊరుకునేది కాదు.

"ఏం మాణెమ్మా, బంగ్ల మాటలు వస్తున్నయ్ నీకు. మాతోని కింద కూసుంటవా, కుర్చీ వెయ్యాల్నా?"

రెంటికీ చెడ్డ రేవడి అంటారే, అది నేనే.

ఆ ఇంటి పాపకు మొదటి మాటలు నా దగ్గరే వచ్చాయి. బువ్వ, అవ్వ, ఇగో, అన్నీ నావే. రెండేళ్ల వయసులో ఒకరోజు చుట్టాలు వస్తే, పాప వాళ్ల చెయ్యి పట్టుకుని "గిట్ల రా, గిట్ల కూసో" అంది. అందరూ పకపకా నవ్వారు, మేడమ్ తప్ప. మర్నాడు నన్ను పిలిచింది.

"మాణెమ్మా, పాపతో నువ్వు తెలుగు మాట్లాడకు. నీ యాస అంటుకుంటోంది. ఇంగ్లిష్ వస్తే మాట్లాడు, లేకపోతే ఊరికే చూసుకో చాలు."

నాది ఏడో తరగతి చదువు. నాకొచ్చిన ఇంగ్లిష్ కమ్, గో, నో. దానితో పసిపిల్లకు ఏం కథ చెబుతాను? మూడేళ్లు ఊరికే చూసుకున్నాను. స్నానం చేయించాను, తినిపించాను, నిద్రపుచ్చాను, నోరు మాత్రం విప్పలేదు. కొన్నాళ్లకు పాప కూడా నాతో మాట్లాడటం మానేసింది. కావలసినవి వేలితో చూపించేది. నా చేతుల్లో పెరిగిన పిల్ల నన్ను కూడా చూపుడు వేలితోనే పిలిచేది. ఆ ఇంట్లో నన్ను ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. అయినా అన్ని ఇళ్లలోకీ నేను ఎక్కువ ఏడ్చింది అక్కడే.

పిల్లతో మాట్లాడొద్దన్న ఇంట్లో ఒక్క రోజు కూడా ఉండకండి. నేనున్నాను. ఉండి, బాగుపడకపోగా మొండిదాన్ని అయ్యాను. ఒంటరిగా ఉండటమే ఈ పనికి పద్ధతి అనుకునే దాకా వెళ్లాను.

విమల మేడం సూత్రం

చేవెళ్ల బస్టాండు దగ్గర ఎరువుల దుకాణం పైన రెండు గదులు, అదే మా ఏజెన్సీ. నడిపేది విమల మేడం, ఒకప్పుడు ప్రైవేటు దవాఖానలో నర్సు. చెడ్డ మనిషి కాదు. మొగుడు వదిలేసినవాళ్లకు, దిక్కులేనివాళ్లకు పని చూపించింది. మోకాళ్ల నొప్పులతో ఇళ్లలో చేయలేని నన్ను పిలిచి కుర్చీ వేసింది. ఆ కుర్చీ మీద ఆశ నాకు ఎంత ఉందో తర్వాత తెలిసింది.

మా దగ్గరికి రెండు రకాల వాళ్లు వచ్చేవారు. పేరు కూడా రాయలేనివాళ్లు ఒక రకం. డిగ్రీ చేసి, ఉద్యోగం దొరక్క వచ్చినవాళ్లు ఇంకో రకం. ఎవరు వచ్చినా ఫారంలో చదువు దగ్గర ఒకటే రాయాలని మేడం చెప్పింది: పదో తరగతి పాస్.

"సదువు రాదంటె గేటు కాడనే ఆపుతరు మాణెమ్మా. డిగ్రీ అంటె భయపడ్తరు. నాలుగు రోజులకు నౌకరి దొరికి పోతదని, ఎదురు మాట్లాడ్తదని. పది అయితె ఎవ్వరికి ఫికర్ లేదు."

నేను నవ్వి రాసేదాన్ని. ఏడు చదివినదాన్ని, నా చేత్తో ఎంతమందిని పది పాస్ చేయించానో! అప్పట్లో అది అబద్ధమని కూడా అనిపించలేదు, మంచి పని అనిపించింది. దానివల్ల చదువు లేని మనిషి తెలియనిది అడగలేకపోయేది, చదువుకున్న మనిషి తెలిసింది చెప్పలేకపోయేది. ఆ సంగతి నాకు తట్టలేదు.

ఇంకో సూత్రం నేనే గట్టిగా నేర్పేదాన్ని. పక్కింటి ఆయాతో మాట పెట్టుకోవద్దు. యజమానులకు అది కంటగింపు. ఇద్దరు ఆయాలు కలిస్తే రెండిళ్ల ముచ్చట్లూ కలుస్తాయని వాళ్ల భయం. నేను మూడేళ్లు నోరు మూసుకుని బతికాను, వీళ్లు బతకలేరా అనుకున్నాను. నేను తిన్న దెబ్బనే క్రమశిక్షణ అని పేరు పెట్టి నా దగ్గరికి వచ్చినవాళ్లకు నేర్పాను.

దారాలు

అంజమ్మ నా దగ్గరికి వచ్చేటప్పటికి నలభై దగ్గర పడుతోంది. మొగుడు పోయాడు, పిల్లలు కలగలేదు. చెల్లెలి పిల్లల్ని తనే పెంచింది. అంగట్లో కూరగాయలు అమ్మిన మనిషి కాబట్టి అంకెలు వచ్చు, అక్షరం ముక్క రాదు. కానీ ఆమె చేతుల్లాంటి చేతులు నేను ఇంకెక్కడా చూడలేదు. గుక్కపట్టి ఏడుస్తున్న పిల్లను భుజాన వేసుకుంటే నాలుగు అడుగుల్లో ఊరుకునేది. కళ్లు చూసి, రేపు జ్వరం వస్తుందని ఇవాళే చెప్పేది.

రెండు వారాలు బలపం పట్టించి సంతకం నేర్పాను. అది రాయడం కాదు, ముగ్గు వేసినట్టు వేసేది. సంతకం వచ్చింది, ఫారం నింపాను, పది పాస్ అయింది.

మరి మందు సీసాలు? దానికి నా దగ్గర ఒక ఉపాయం ఉండేది. చదువు రానివాళ్లను ఏ ఇంట్లో పెట్టినా, మొదటి వారం తనిఖీ పేరుతో నేను వెళ్లేదాన్ని. అలమారలో సీసాల మీది పేర్లు కూడబలుక్కుని చదివి, మెడకు రంగు దారాలు కట్టేదాన్ని. ఎరుపు జ్వరానికి, నలుపు దగ్గుకు, పసుపు కడుపునొప్పికి. దారం లేని సీసా ముట్టొద్దు. ఇదేమిటని మేడమ్‌లు అడిగితే "దిష్టికమ్మా" అనమనేదాన్ని. వాళ్లు నవ్వుకుని వదిలేసేవారు. ఈ ఉపాయం కనిపెట్టినందుకు నా భుజం నేనే తట్టుకున్నాను.

అంజమ్మను కనకమామిడిలో ఒక ఫామ్‌హౌసులో పెట్టాం. పాప అయిదు నెలలది. తల్లీతండ్రీ ఇద్దరూ పొద్దున్నే సిటీకి వెళ్లి చీకటి పడ్డాక వచ్చేవారు. అదే వారం పక్క ఫామ్‌హౌసులో స్వప్న అనే పిల్లను పెట్టాం. రెండిళ్లకూ మధ్య ఒకటే గోడ. స్వప్న బీఎస్సీ చదివింది. చేవెళ్ల అవతల పేరున్న రైతు కుటుంబం, తండ్రి ఊళ్లో రాజకీయం చేసే మనిషి. కూతురు సిటీలో ఆఫీసులో పని చేస్తూ హాస్టల్లో ఉంటోందని అనుకుంటున్నాడు. ఇంట్లోవాళ్లకు ఆఫీసు, పని చేసే చోట పదో తరగతి. నిజం చెప్పుకునే మనిషి ఆ పిల్లకు ఒక్కరూ లేరు.

గోడ

అయిదారు నెలలయ్యాక స్వప్నను చూడటానికి వెళ్లాను. చెప్పుల అరలో పరిచిన పాత పేపర్లు కూడా తీసి చదువుకుంటోందని ఆ ఇంటి వంటామె చాడీ చెప్పింది. నన్ను గేటు దాకా సాగనంపుతూ స్వప్న ఆగింది.

"ఆంటీ, పక్కింట్ల అంజమ్మక్క ఉన్నది గద. పొద్దుమీకి జర సేపు గోడ కాడ మాట్లాడుకుంటం, సరేనా? ఇంట్ల నాతోని మాట్లాడెటోళ్లే లేరు. పొద్దంత నోరు తెరవకుంట ఉంటె పిచ్చి లేస్తున్నది."

"వద్దు బిడ్డా. ఇద్దరు ఆయాలు కూడితె ముచ్చట్లు పుడ్తయి. ఇద్దరి పని పోతది."

"ముచ్చట్లు పెట్టుకోం. ఆమెకు అక్షరాలు నేర్పిస్త."

వంటామె వినలేదు కదా అని వెనక్కి చూశాను. "ఆమెకు సదువు రాదని నీకెవరు చెప్పిన్రు?"

"ఎవ్వరు చెప్పలే. పార్శిల్ వస్తె పేరు తిప్పి తిప్పి చూసి, మాదా వాళ్లదా తెల్వక గేటు కాడ నిలబడ్డది. నాకు సమజైంది. ఎవ్వరికి చెప్పనులే ఆంటీ."

నాకు కావలసింది అదే కదా. చదువు వచ్చిన మనిషి గోడకు ఇవతల, రాని మనిషి అవతల. నేను ఊఁ అంటే చాలు. కానీ నాకు వాళ్లిద్దరి అవసరం కనబడలేదు, నేను రాసిన ఫారం బయట పడుతుందన్న భయమే కనబడింది. స్వప్నను కసిరాను. అటు నుంచి అటే అంజమ్మ దగ్గరికి వెళ్లి, ఆ పిల్లతో ఒక్క మాట మాట్లాడినా నిన్ను పని నుంచి తీసేస్తానని బెదిరించాను.

"అట్లనే అక్కా" అంది అంజమ్మ. ఎందుకని అడగలేదు.

ఇద్దరూ బుద్ధిమంతులు, నా మాట విన్నారు. డాబా మీద బట్టలు ఆరేసేటప్పుడు ఎదురుపడితే ముఖాలు తిప్పుకునేవారని తర్వాత తెలిసింది.

పాపకు ఏడాది దాటింది. తల్లీతండ్రీ పని మీద బెంగళూరు వెళ్లారు. వాళ్లటు వెళ్లారో లేదో పాపకు జ్వరం తగిలింది. అంజమ్మ ఫోన్ చేస్తే తల్లి చెప్పింది, జ్వరం సిరప్ కప్పులో అయిదు గీత దాకా పోసి, ఆరు గంటలకోసారి పట్టమని. పది పాస్ అయిన మనిషి కదా, సీసా చదువుకుంటుందని ఆమె నమ్మకం. అందులో ఆమె తప్పేమీ లేదు.

అలమారలో జ్వరం మందులు రెండున్నాయి. ఒకటి నెలల పిల్లగా ఉన్నప్పుడు కొన్నది, చుక్కల లెక్కన పోసే చిక్కటి మందు. దాని మెడకు నేను కట్టిన ఎర్ర దారం ఉంది. రెండోది, పాప పెరిగిందని డాక్టరు మార్చి రాసిన పలుచటి సిరప్. దానికి దారం లేదు, ఎందుకంటే మొదటి వారం తర్వాత నేను ఆ అలమార తెరిచి చూసిందే లేదు. అంజమ్మ ఎర్ర దారం సీసా తీసింది. అయిదు గీత దాకా కొలిచి పోసింది. మూడుసార్లు పోసేసరికి సీసా ఖాళీ అయింది. తెల్లవారాక పాప వాంతులు చేసుకుని, పిలిచినా కళ్లు తెరవలేదు.

అప్పుడు అంజమ్మ గోడ దగ్గరికి పరుగెత్తి "స్వప్నా!" అని కేక పెట్టింది. అన్నాళ్లలో ఆ పిల్లను పేరు పెట్టి పిలవడం అదే మొదలు. స్వప్న తన దగ్గరున్న బాబును వంటామెకు అప్పగించి వచ్చింది. ఖాళీ సీసా చేతిలోకి తీసుకుని ఒక్కసారి చదివింది. చదవగానే విషయం తెలిసిపోయింది. ఆ ఇంటి డ్రైవరును లేపి, సీసాతో సహా పాపను దవాఖానకు చేర్చింది. ఆ సీసా చూపించకపోతే పాప దక్కేది కాదని డాక్టర్లన్నారు. బాబును వదిలి వెళ్లినందుకు స్వప్న పని అదే సాయంత్రం పోయింది.

ఠాణాలో

మందు లివరుకు ఎక్కిందన్నారు. పాప చాలా రోజులు దవాఖానలోనే ఉండి, చివరికి బతికి ఇంటికి వచ్చింది. ఈలోపు తండ్రి ఫిర్యాదు చేశాడు, చదువు లేని మనిషిని చదువుందని అంటగట్టారని. ఆ కోపం న్యాయమైనదే.

ఠాణాలో ఎస్సై ముందు నేను, విమల మేడం, అంజమ్మ నిలబడ్డాం. ఆయన చేతిలో ఫారం ఉంది.

"ఇది ఎవరు రాసిన్రు?"

"నేనే సార్."

"పది పాస్ అని ఎట్ల రాసినవ్?"

మేడం నా వైపు చూసింది. ఈ వయసులో కుర్చీ పోతే నాకెవరున్నారనిపించింది. అబద్ధం నా నోట్లో అప్పటికే తయారుగా ఉంది.

"ఆమె చెప్పింది, నేను రాసిన సార్."

ఆయన అంజమ్మ వైపు తిరిగాడు. "నువ్వే చెప్పినవా?"

అంజమ్మ నన్ను చూసింది. ఆ చూపులో కోపం ఉంటే నేను తట్టుకునేదాన్ని. శిక్షణ రోజుల్లో, ఇప్పుడేం చెయ్యాలక్కా అన్నట్టు చూసేదే, అదే చూపు. నేను తల దించుకున్నాను.

"అవ్ సార్. నేనే చెప్పిన."

దారాల సంగతి ఆమె ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఏ సీసా చూసి పోశావంటే, "తప్పైంది సార్" అంది, ఎన్నిసార్లు అడిగినా అంతే.

పాప కోలుకున్నాక వాళ్లు ఫిర్యాదు వెనక్కి తీసుకున్నారు. కానీ అంజమ్మకు పసిపిల్లకు విషం పోసినామె అన్న పేరు ఉండిపోయింది. మళ్లీ అంగట్లో కూర్చుంటే ఆమె దగ్గర ఎవరూ కూరగాయలు కొనలేదు. తను పెంచిన చెల్లెలి కూతురికి బిడ్డ పుడితే, చూడటానికి వెళ్లిన అంజమ్మ చేతికి ఆ బిడ్డను ఇవ్వలేదు. ఏజెన్సీ బోర్డు మార్చుకుని నడిచింది. తిలా పాపం తలా పిడికెడు అని విమల మేడం నన్ను ఓదార్చింది. నేను ఇంకో ఏడాది అదే కుర్చీలో కూర్చుని ఫారాలు రాశాను. పది పాస్ అనే రాశాను. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా రాస్తున్నాను.

స్వప్న ఒకసారి చేవెళ్ల బస్సులో కనబడింది. నా పక్కన సీటు ఖాళీగా ఉన్నా కూర్చోలేదు, కడ్డీ పట్టుకుని నిలబడింది. దిగేముందు మాత్రం అంది. "గోడకు ఇవుతల నేను, అవుతల ఆమె. అడిగి ఉంటె నాకు నిమిషం పని ఆంటీ."

కాబట్టి ఈ పనిలోకి వచ్చే పిల్లలకు చెబుతున్నాను. మీ చదువు ఎంతో అంతే రాయించుకోండి, లేకపోతే లేదని రాయించుకోండి. ఇల్లు దొరకడం ఆలస్యమైతే కానివ్వండి. ఏ రంగు గుర్తూ నమ్మకండి. సీసాను ఇంకొకరితో చదివించుకోవడానికి సిగ్గుపడకండి. పక్కింటి ఆయాతో స్నేహం చెయ్యండి, నా లాంటిది ఎవరైనా వద్దంటే వినకండి.

బంతిచేనులో

మొన్న అంజమ్మ దగ్గరికి వెళ్లాను. రెండేళ్లు పట్టింది నాకు. చేవెళ్ల అవతల ఒకరి బంతిచేనులో పూలు కోస్తోంది. ఆమె కోసే సాలు ఒక పక్కన, మిగతా ఆడవాళ్లు ఇంకో పక్కన. నన్ను చూసి "బాగున్నవా అక్కా, మోకాళ్లు ఎట్లున్నయ్" అంది. గట్టు మీద కూర్చోబెట్టి నీళ్లిచ్చి, మళ్లీ సాలులోకి దిగింది.

చెప్పడానికి వెళ్లింది చెప్పేశాను. ఠాణాలో అబద్ధం నాదని, నా కుర్చీ కోసం ఆమె బతుకు తాకట్టు పెట్టానని, క్షమించమని. ఆమె చేతులు ఆగలేదు.

"ఎర్కనే గదక్కా. నేను గూడ ఆడనే ఉన్న గద."

"మరి ఎందుకు ఒప్పుకున్నవే?"

"పని పోతె నువ్వు ఏడికి పోతవ్ అనుకున్న. నాకు చేన్ల పనన్న వస్తది."

ఏడుపు ఆపుకోలేకపోయాను. ఆమె ఒడిలో పూలు గంపలో పోసి వచ్చి నా పక్కన కూర్చుంది. కొంగుతో చేతులు తుడుచుకుంది.

"ఒక్కటి అడుగుత అక్కా. ఆ దారం లేని సీస మీద ఏం రాసి ఉండె?"

"జ్వరానికి అని."

"మరి దారం కట్టిన దాని మీద?"

"అది గూడ జ్వరానికే. గని చుక్కలు పొయ్యాలె అని రాసి ఉండె."

"చుక్కలని రాసి ఉండెనా?"

"రాసి ఉండె."

"గా అక్షరాలు ఎంతగనం ఉండె?"

నా వేలి కొనను చూపించాను, ఇంతే అని. ఆ వేలిని దగ్గరికి లాక్కుని చూసింది.

"రెండేండ్ల సంది గదే ఆలోచిస్తున్న" అంది. "ఎవ్వరిని అడగాల్నో తెల్వలే."